మారిషస్ పండుగలు, మన పండుగలు

పండుగను చేసికొనువారు ప్రజలు. సెలవును ప్రకటించునది ప్రభుత్వము. ఈ రెండును ఒకటే యని మనము సాధారణముగా అనుకొనుచుందుము. సంవత్సరారంభమున కొత్త క్యాలెండరు ఇంటికి వచ్చినప్పుడు ఎఱ్ఱ అంకెలను లెక్కించి, అవి ఆదివారములతో కలిసిపోయినచో విచారించి, లేనిచో సంతోషించి, అంతటితో ఆ సంగతి మఱచిపోవుదుము. ఏ పండుగకు ఎఱ్ఱ అంకె దక్కినది, దేనికి దక్కలేదు, ఎందువలన దక్కలేదు అని విచారించువారు తక్కువ. అనేక మతములవారు, అనేక భాషలవారు ఒక్క ప్రభుత్వము క్రింద కలిసి బ్రదుకుచున్న దేశమున ఈ ప్రశ్న చిన్నది కాదు. ఒక జాతి పండుగనాడు దేశమంతయు పని మానినచో, ఆ జాతి ఈ దేశమునకు చెందినదే యని అందఱు ఒప్పుకొన్నట్లు. ఆనాడు వారు మాత్రమే సెలవు చీటీ వ్రాసి ఇచ్చుకొనవలసి వచ్చినచో, వారి పండుగ వారి ఇంటి వ్యవహారముగనే మిగిలిపోవును.

ఈ భేదమును చక్కగా తెలిసికొనుటకు హిందూ మహాసముద్రములోని మారిషస్ ద్వీపము మంచి ఉదాహరణము. అచ్చట ఉగాది దేశమంతటికిని సెలవు. ఈ మాట వినగానే మన తెలుగువారికి సంతోషము కలుగుట సహజము. సంతోషముతోపాటు కొంత ఆలోచన కూడ అవసరమని మా అభిప్రాయము.

మొదట మన ఇరుగు పొరుగునే చూతము. నంద్యాల 2022 ఏప్రిల్ 4వ తేదీన ప్రత్యేక జిల్లా యైనది. శ్రీశైలము, మహానంది, అహోబిలము, యాగంటి వంటి పుణ్యక్షేత్రములు ఈ జిల్లాలోనివే. నంద్యాల చుట్టుపట్ల నవనందులు వెలసియున్నవి. అదే పట్టణమున మసీదులును, దర్గాలును కలవు. దక్షిణ ఇండియా సంఘమువారి నంద్యాల అధ్యక్ష మండలమునకు ముఖ్యాలయమైన హోలీ క్రాస్ కెథీడ్రలును కలదు. శివరాత్రినాడు మహానంది కోనేటిలో మునుగుటకు పోవు బండ్లు, రంజాను మాసమున సాయంకాలము ఉపవాసము విడుచు వేళ బజారులో కనవచ్చు సందడి, క్రిస్మసు నక్షత్ర దీపములు, ఇవన్నియు ఒకే వీధిని ఒకే సంవత్సరమున చూడగల పట్టణమిది.

ఆళ్లగడ్డ వైపు పోయినచో మఱియొక విశేషము కనబడును. ఆళ్లగడ్డకు చేరువనున్న అహోబిలమున సంక్రాంతి వెళ్లిన కనుమనాడు పారువేట ఉత్సవము మొదలగును. స్వామివారు పల్లకి యెక్కి కొండ దిగి, నలుబది దినములకు పైగా, ముప్పదికి పైబడిన పల్లెలను తిరిగి వచ్చుదురు. ఫాల్గుణ మాసమున జరుగబోవు తన కల్యాణమునకు స్వామి తానే స్వయముగా ఊరూర పిలుపులకు వచ్చుచున్నాడని జనుల విశ్వాసము. పల్లకి వచ్చిననాడే ఆ పల్లెకు పండుగ. ఆడపడుచులు పుట్టింటికి వచ్చుదురు. ఇండ్లకు సున్నము పడును. బంధువులతో ఊరు నిండును. చెంచులక్ష్మిని పరిణయమాడినందున నరసింహస్వామిని తమ అల్లునిగా భావించు చెంచులు ఈ ఉత్సవమున విల్లంబులతో పాల్గొందురు. ఇంత పెద్ద పండుగకు క్యాలెండరులో ఎఱ్ఱ అంకె లేదు. ఉండుటకు వీలును లేదు. ఎందుకనగా ఈ పండుగ ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క నాడు వచ్చును. దీనికి సెలవు నిచ్చువాడు ఆ ఊరి రైతు, పుచ్చుకొనువాడును అతడే.

మఱి యొక సంగతి. ఉగాదికి శ్రీశైలమునకు వచ్చువారిలో కన్నడ దేశపు భక్తులు మిక్కుటము. వారు దినముల తరబడి నడచి, ఆత్మకూరు మీదుగా నల్లమల అడవిని దాటి, మల్లికార్జునుని, భ్రమరాంబాదేవిని దర్శింతురు. దారి పొడవున మన పల్లెలవారు వారికి మజ్జిగయు, మంచినీళ్లును, అన్నమును పెట్టుదురు. ఇక పీర్ల పండుగ మాట చెప్పనక్కఱలేదు. ప్రభుత్వపు జాబితాలో మొహర్రము ముస్లిముల పండుగగా చేరియున్నది. రాయలసీమ పల్లెలలో పీర్లకు మ్రొక్కుకొనువారిలో, గుండము చుట్టు అలావా ఆడువారిలో హిందువులు ఎందఱో కలరు. అనంతపురము ప్రాంతమున గూగూడు కుళ్లాయస్వామి ఉత్సవము ఇందులకు ప్రసిద్ధమైన తార్కాణము.

దీనివలన తేలునదేమనగా, ప్రభుత్వము ఒక్కొక్క పండుగను ఒక్కొక్క మతము పేరున వ్రాసికొనును. ఊరు అట్లు వ్రాసికొనదు. ప్రభుత్వమునకు లెక్క కావలెను. ఊరికి తోడు కావలెను. ఈ రెండు అవసరములును నిజమైనవే. వీనిని రెంటిని ఒక చిన్న దేశము ఎట్లు కూర్చుకొన్నదో చూచుటకే మనము మారిషస్ వఱకు పోవుచున్నాము.

మారిషస్ మడగాస్కరు దీవికి తూర్పున నున్నది. ముఖ్యద్వీపపు విస్తీర్ణము సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు. అనగా నంద్యాల జిల్లాలో అయిదవ వంతుకు మించదు. జనసంఖ్య పండ్రెండు లక్షలకు పైన. ఈ దీవికి ఆదివాసులనువారు లేరు. 1598లో డచ్చివారు వచ్చి, తమ రాజకుమారుడైన మారిస్ పేరు పెట్టిరి. 1638లో కాపురముండ నారంభించి, 1710లో విడిచిపోయిరి. 1715లో ఫ్రెంచివారు ఆక్రమించి, ఆఫ్రికా, మడగాస్కరుల నుండి బానిసలను తెచ్చి చెఱకు తోటలు వేయించిరి. 1810లో ఇంగ్లీషువారు గెలిచిరి. 1835 ఫిబ్రవరి 1వ తేదీన అచ్చట బానిసత్వము రద్దైనది. తోటల యజమానులకు కూలీలు కావలసివచ్చిరి. వారి చూపు మన దేశముపై బడినది.

1834 నవంబరు 2వ తేదీన అట్లాస్ అను ఓడలో కలకత్తా నుండి 36 మంది కూలీలు పోర్ట్ లూయీ రేవున దిగిరి. అది మొదలు ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ల వఱకు సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఒడంబడిక పత్రములపై వ్రేలిముద్రలు వేసి ఆ దీవికి పోయిరి. ఎక్కువ మంది బీహారు ప్రాంతపువారు; తరువాత తమిళులు, తెలుగువారు, మహారాష్ట్రులు. తెలుగువారు విశాఖపట్టణము, గోదావరి, గంజాము ప్రాంతములనుండి పోయిరి. వారిలో కొందఱు గోదావరి పాయ కడనున్న కోరంగి రేవున ఓడ నెక్కినందున, ఆ దీవిలో తెలుగువారికి కోరంగీలను పేరు స్థిరపడినది. 1839 నవంబరులో వచ్చిన గాలివాన కోరంగి రేవును ధ్వంసము చేసినది. రేవు పోయినను దాని పేరు సముద్రమునకు ఆవల మనుష్యులకు పేరై నిలిచినది.

ఆ కూలీల దినములలో సెలవు అనగా నేమో తెలిసికొన్నచో ఇప్పటి సెలవు విలువ తెలియగలదు. ఒడంబడికలో పడిన కూలి ఒకనాడు పనికి రానిచో ఆనాటి కూలి పోవుటయేగాక, మఱి యొక దినపు కూలి కూడ కోతబడుచుండెను. దీనినే ‘రెండింతల కోత’ యనిరి. జ్వరము వచ్చినను కోతయే. బిడ్డ పుట్టినను కోతయే. ఉగాది వచ్చినను కోతయే. అప్పుడు పండుగ చేసికొనుట యనగా రెండు దినముల తిండి వదలుకొనుట. ఐనను వారు పండుగలను విడువలేదు. చెఱకు తోటల ప్రక్కన గుడిసెల నడుమ రాయి నిలిపి అమ్మవారిని కొలిచిరి. రాత్రులందు దీపము చుట్టు తిరుగుచు రామభజన చేసిరి.

1968 మార్చి 12వ తేదీన మారిషస్ స్వతంత్రమైనది. 1992లో అదే తేదీన గణతంత్రమైనది. నేడు అచ్చట సంవత్సరమునకు 15 సార్వజనిక సెలవులు. 2019లో చేసిన శ్రామికుల హక్కుల చట్టము ప్రకారము సార్వజనిక సెలవునాడు పనిచేయించుకొన్న యజమాని ఆ పనివేళకు రెండింతల కూలి ఇచ్చుకొనవలెను. నాడు పండుగకు రెండింతల కోత; నేడు పండుగకు రెండింతల కూలి. ఈ రెండు వాక్యముల నడుమ ఆ దీవిలోని కూలివాని చరిత్ర చాలవఱకు ఇమిడియున్నది.

ఈ 15 సెలవులు ఏవి? జనవరి 1, 2 తేదీలు ఇంగ్లీషు సంవత్సరాది సెలవులు. మార్చి 12 జాతీయ దినము. మే 1 కార్మిక దినము. ఫిబ్రవరి 1 బానిసత్వము రద్దైన దినము. నవంబరు 2 ఒడంబడిక కూలీలు వచ్చి దిగిన దినము. ఈ ఆఱును జాతిమత భేదము లేక ఇంగ్లీషు తేదీలనుబట్టి వచ్చును. ఇక మతపరమైనవి తొమ్మిది. తమిళులకు తైపూస కావడి, చీనావారికి వసంతోత్సవము, హిందీ, భోజపురి కుటుంబముల వారికి మహాశివరాత్రి, తెలుగువారికి ఉగాది, మహారాష్ట్రులకు వినాయక చవితి, ముస్లిములకు రంజాను పండుగ, హిందువులందఱికిని దీపావళి, క్రైస్తవులకు క్రిస్మసు. తొమ్మిదవది క్రైస్తవులదే. ఆగస్టు 15వ తేదీన వచ్చు మరియమాత స్వర్గారోహణ దినమును గాని, నవంబరు 1వ తేదీన వచ్చు సకల పునీతుల దినమును గాని వంతులవారీగా సెలవు చేయుదురు.

ఈ పట్టికను నిదానముగా చదివినచో దీనిలోని న్యాయము కనబడును. దీవిలో దాదాపు సగము మంది హిందువులు, మూడవ వంతు క్రైస్తవులు, ఆఱవ వంతునకు కొంచెము పైగా ముస్లిములు. తలల లెక్కను బట్టి సెలవులు పంచినచో తెలుగువారికి సెలవు దక్కదు, మహారాష్ట్రులకు దక్కదు, చీనావారికి అసలే దక్కదు. వీరందఱు నూటికి కొద్దిమంది మాత్రమే. కనుక వారు తలలను లెక్కింపక గుమ్మములను లెక్కించిరి. ప్రతి గుమ్మమునకు ఒక తోరణము. పెద్ద ఇల్లైనను, చిన్న ఇల్లైనను తోరణము లేని గుమ్మము ఉండరాదనుట ఆ పట్టికలోని భావము.

చరిత్ర దినముల విషయముననుకూడ ఇట్టి తూకమే పాటించిరి. ఫిబ్రవరి 1ని, నవంబరు 2ని 2001లో సార్వజనిక సెలవులుగా చేసిరి. మొదటిది ఆఫ్రికా నుండి బలవంతముగా తేబడిన బానిసల సంతతివారికి హృదయమునకు దగ్గఱ దినము. రెండవది భారతీయుల సంతతివారికి. ఒకదానిని మాత్రమే సెలవు చేసినచో రెండవవారి కష్టము కష్టము కాదన్నట్లగును. రెంటిని కలిపి ఒక దినము చేసినచో ఎవరి కష్టము ఏదియో తెలియకపోవును. రెంటికి రెండు దినములు నియమించి, ఒకరి దినమున రెండవవారికికూడ సెలవిచ్చిరి. ఆ రెండు తేదీల జ్ఞాపకములకు రాతి గుర్తులును కలవు. ఒడంబడిక కూలీలు దిగిన పోర్ట్ లూయీ రేవులోని ఆప్రవాసి ఘాటు 2006లోను, పాఱిపోయిన బానిసలు తలదాచుకొన్న లె మోర్న్ కొండ 2008లోను యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలములైనవి.

ఇక తేదీలు నిర్ణయించుట. ఇది మన పంచాంగకర్తలకు తెలిసిన చిక్కే గాని, అచ్చట అది నాలుగింతలు. క్రిస్మసు సూర్యుని ననుసరించిన ఇంగ్లీషు క్యాలెండరు ప్రకారము ఎప్పుడును డిసెంబరు 25నే వచ్చును. రంజాను కేవలము చంద్రుని ననుసరించును. పండ్రెండు చాంద్రమాసములకు సుమారు 354 దినములే గనుక, ఆ పండుగ ఏటేట 11 దినములు వెనుకకు జరుగుచు, సుమారు 33 సంవత్సరములకు ఋతువులన్నియు చుట్టి వచ్చును. నెలవంక కనబడుటనుబట్టి నిర్ణయమగునను షరతుతోనే ప్రభుత్వము ఆ తేదీని ప్రకటించును. ఉగాది, శివరాత్రి, వినాయక చవితి, దీపావళి చాంద్రమానపు పండుగలే యైనను, ఆ 11 దినముల లోటును అధికమాసముతో సరిపెట్టుకొనుచు, 19 సంవత్సరములకు ఏడు అధికమాసముల చొప్పున సూర్యునితో జత తప్పకుండ నడచును. చీనావారి సంవత్సరాదియు ఇట్టిదే. అది జనవరి 21కిని ఫిబ్రవరి 20కిని నడుమనే వచ్చును. తైపూసము తమిళుల సౌరమానములోని తై మాసమును, పుష్యమీ నక్షత్రమును కలిపి చూచుకొనును. ఇన్ని కాలమానములును ఒక్క ప్రభుత్వ ప్రకటనలో ఇమిడిపోవలెను.

ఇందులో ఉగాదికి ఒక విచిత్రమైన చిక్కు కలదు. సూర్యోదయ కాలమున చైత్ర శుద్ధ పాడ్యమి యున్న దినము ఉగాది. నంద్యాల ఇంచుమించు 78½ డిగ్రీల తూర్పు రేఖాంశము మీద నున్నది. మారిషస్ 57½ డిగ్రీల మీద. తేడా 21 డిగ్రీలు. భూమి డిగ్రీకి నాలుగు నిమిషముల చొప్పున తిరుగును గనుక, నంద్యాలలో సూర్యుడుదయించిన తరువాత 84 నిమిషములకు గాని మారిషస్‌లో ఉదయింపడు. ఉగాది సమరాత్రి దినములకు సమీపమున వచ్చునది గనుక రెండు చోట్లను పగటి నిడివి ఇంచుమించు సమానమే. ఈ లెక్క చాలవఱకు సరిపోవును. ఒక ఏడు పాడ్యమి ఆ 84 నిమిషముల నడుమ ప్రవేశించినదనుకొందము. మనకు సూర్యోదయమున ఇంకను అమావాస్య; కావున ఉగాది మఱునాడు. వారికి సూర్యోదయమునకే పాడ్యమి వచ్చియున్నది. కావున శాస్త్రము ప్రకారము ఉగాది ఆనాడే. ఇట్టి సందర్భము అరుదే గాని అసంభవము కాదు. అందుచేత సముద్రాంతరమునందున్నవారు పంచాంగమును ఇచ్చటినుండి తెప్పించుకొన్నను, దానిని తమ సూర్యునితో సరిచూచుకొనవలెను.

మన దేశముననే ఈ చిక్కు లేదా? ఉన్నది. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత, ప్రాంతమున కొక పంచాంగము చొప్పున వాడుకలో నుండుటచే, 1952లో మేఘనాథ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘమును నియమించిరి. ఆ సంఘము 1955లో నివేదిక నిచ్చెను. దాని ఫలితముగా 1957 మార్చి 22వ తేదీన, అనగా శక సంవత్సరము 1879 చైత్రము 1వ తేదీన, జాతీయ పంచాంగము అమలులోనికి వచ్చెను. రేడియోలో ఇంగ్లీషు తేదీతోపాటు శక సంవత్సరపు తేదీని కూడ చెప్పు ఆచారము ఆ నిర్ణయమువలన వచ్చినదే. రేడియో వినువారు ఆ తేదీని ఎన్నియో మార్లు వినియుందురు. అది ఎందుకు చెప్పుదురో పిల్లలకు చెప్పదగిన సంగతి.

కాలమానము సరిపోయినను ఋతువు సరిపోదు. మారిషస్ భూమధ్యరేఖకు దక్షిణమున 20 డిగ్రీల మీద నున్నది. మనకు వసంతమైనప్పుడు వారికి ఎండకాలము తగ్గి శరత్తు ప్రవేశించుచుండును. మనకు ఉగాది యనగా కోయిల, వేపపూత, మామిడి పిందె. వారికి మామిడికాయ కాలము సంవత్సరాంతమున. చైత్రమునాటికి అది ముగిసియుండును. మన యూళ్లలో మే మాసమున ఎఱ్ఱగా పూచు తురాయి చెట్టు అచ్చట క్రిస్మసు నాటికి పూచును. ఇట్లు ప్రకృతి సాక్ష్యము లేకయే అచ్చటివారు ఉగాదిని నిలుపుకొన్నారు. ఇచ్చట పండుగ వచ్చినదని చెట్టు చెప్పును. అచ్చట అమ్మమ్మ చెప్పవలెను. అమ్మమ్మ చెప్పని ఇంట ఉగాది లేదు.

ఆ దీవిలో తెలుగువారు చేసికొను పండుగలలో ఉగాదికి సెలవు కలదు గాని, వారి హృదయమునకు అంతకంటె దగ్గఱవి మఱి రెండు కలవు. ఒకటి అమ్మోరు పండుగ. రెండవది సింహాద్రి అప్పన్న పూజ. ఈ రెండింటికిని సెలవులు లేవు. సింహాద్రి అప్పన్న యనగా సింహాచలమున వెలసిన వరాహ నరసింహస్వామి. విశాఖపట్టణ ప్రాంతమునుండి పోయిన కూలీలు తమ ఇలవేల్పును పేరుతోసహా మోసికొనిపోయిరి. ఆళ్లగడ్డ ప్రాంతపు మనవారికి ఈ దేవుడు అన్యుడు కాడు. అహోబిలమున తొమ్మిది రూపములతో కొలువైయున్న నరసింహుడే సింహాద్రిపై అప్పన్న. ఆయనయే మారిషస్‌లో చెఱకు తోటల నడుమ కూలివాని ఇంటి దైవము. పల్లకిలో పల్లెలు తిరుగు దేవుడు ఓడ యెక్కి సముద్రము దాటుటలో ఆశ్చర్యమేమున్నది?

ఒకరి పండుగకు మఱియొకరు పోవుట అచ్చట కూడ మనకడ వలెనే యున్నది. శివరాత్రికి ముందు లక్షలమంది తెల్లని బట్టలు కట్టి, పూలతోను కాగితములతోను అలంకరించిన కావడులు భుజమున మోయుచు, దీవి నలుమూలలనుండి గంగా తలావు అను కొండ సరస్సునకు నడచిపోవుదురు. దారిలో వారికి పండ్లును, పానీయములును ఇచ్చువారిలో అన్ని మతములవారును ఉందురు. నల్లమల దారిని కన్నడ యాత్రికులకు అన్నము పెట్టు మన పల్లెవారికి ఈ దృశ్యము క్రొత్త కాదు. 1864 సెప్టెంబరు 9వ తేదీన మరణించిన పేర్ లవాల్ అను కతోలిక గురువు సమాధి పోర్ట్ లూయీలోని సేంట్ క్రువా పేటలో కలదు. ఏటేట ఆ తేదీకి ముందు రాత్రి క్రైస్తవులే కాక హిందువులు, ముస్లిములు, చీనావారు కాలినడకన పోయి ఆ సమాధిని దర్శింతురు. ఆ దినము సెలవు కాదు. పోర్ట్ లూయీలో ఘూన్ అను పేర మొహర్రపు ఊరేగింపు నేటికిని జరుగును. దానికిని సెలవు లేదు. పట్టికలో లేని ఈ పండుగలలోనే జనులు ఎక్కువగా కలియుచున్నారనుట గమనింపదగినది.

ఇన్ని సెలవు లిచ్చుట పనికి నష్టము కాదా యని అడుగువారు ఉందురు. సింగపూరు ఈ ప్రశ్నకు వేఱొక సమాధానము చెప్పినది. అదియు అనేక జాతుల దీవియే. 1968లో ఆ ప్రభుత్వము పని దినములు పెరుగవలెనని సెలవులను 11కు తగ్గించి, తైపూసమును, మహమ్మదు ప్రవక్త జన్మదినమును పట్టికనుండి తీసివేసినది. తమిళులు తైపూసమును మానలేదు. నేటికిని కావడు లెత్తుచునే యున్నారు. ఉగాదిని సింగపూరు తెలుగువారును చేసికొందురు. కాని ఆనాడు ఎవరి సెలవు వారు అడిగి తీసికొనవలెను. పండుగ నిలుచుటకు సెలవు తప్పనిసరి కాదని దీనివలన తెలియుచున్నది. మఱి సెలవువలన ప్రయోజనమేమి? పొరుగువాడు, ఈనాడు నాకు సెలవెందుకు వచ్చినదని ఒక్కసారియైనను అడుగుకొనుట. మారిషస్‌లో ఆఫ్రికా సంతతి బాలుడు ఉగాది యను తెలుగు మాటను ఎఱుగును. మన దేశముననే ఉగాది సెలవు కొన్ని రాష్ట్రములకు మాత్రమే, దేశమంతటికి కాదు.

ఐతే సెలవు చేయలేని పని యొకటి కలదు. దానిని చెప్పక ముగించినచో మేము సగము మాటయే చెప్పినవారమగుదుము. మారిషస్‌లో నేడు ఇండ్లలో మాటలాడు భాష క్రియోలు. భోజపురియే తగ్గిపోవుచున్నది, ఇక తెలుగు ఇంటి భాషగా మిగిలిన కుటుంబములు మిక్కిలి కొలది. తెలుగు అచ్చట పాఠశాలలో నేర్చు భాష, భజనలో పాడు భాష, పండుగనాడు వినబడు భాష. ప్రాథమిక పాఠశాలలలో ఐచ్ఛిక విషయముగ తెలుగు చెప్పుదురు. మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నత విద్యకు అవకాశము కలదు. మారిషస్ ఆంధ్ర మహాసభ మొదలగు సంస్థలు పండుగలు జరిపించుచున్నవి. 1990 డిసెంబరులో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగినవి. అచ్చటి ప్రసార సంస్థ తెలుగులోను కార్యక్రమములు ప్రసారము చేయును. ఇన్ని యున్నను, ఒక ముత్తవ్వ తన మునిమనుమనిని తెలుగున మందలించు ఇల్లు వెదకి చూడవలసినదే. దినమును చట్టము కాపాడగలదు. మాటను చట్టము కాపాడలేదు. మాట వంటింటిలో బ్రదుకవలెను.

ఇది వారి లోపమని మేము అనుట లేదు. ఏడెనిమిది తరముల క్రిందట సముద్రము దాటినవారు, క్రియోలు, ఫ్రెంచి, ఇంగ్లీషు మూడును బ్రతుకు తెరువుకు కావలసిన చోట, నాల్గవదిగా తెలుగును ఇంతకాలము నిలుపుకొనుటయే గొప్ప. ఎవరును వారిని నిర్బంధింపలేదు. సముద్రము దాటని మన యిండ్లలో, చుట్టును తెలుగే వినబడుచుండగా, పిల్లలు తిథుల పేర్లను, ఋతువుల పేర్లను మఱచుచున్నారు గదా! వేపపూవు గుమ్మము ముందే రాలుచున్నను ఇది ఏ మాసమని అడిగినచో చెప్పలేని బాలురు నంద్యాలలోను కలరు.

కావున మారిషస్ మనకు రెండు సంగతులు తెలుపుచున్నది. మొదటిది ప్రభుత్వమునకు సంబంధించినది. చిన్న జాతికి కూడ ఒక దినము దక్కినచో ఆ జాతి తలయెత్తి తిరుగును. దానివలన పెద్ద జాతికి తరుగునది ఏమియు లేదు. రెండవది ఇంటికి సంబంధించినది. సెలవు దొరకిన దినమును ఏమి చేసికొందుమో అది మన చేతిలోనిది. పారువేట పల్లకి ఆళ్లగడ్డ పల్లెలకు వచ్చినప్పుడు, పీర్లు చావడినుండి లేచినప్పుడు, కెథీడ్రలు గంట మ్రోగినప్పుడు, అది ఎవరి పండుగ, ఎందుకు చేయుదురు అని పిల్లలు అడుగకమునుపే పెద్దలు చెప్పినచో, ఏ ప్రకటనయు లేకయే ఆ దినము ఇంటిల్లిపాదికిని పండుగయగును.

ఈసారి ఉగాదినాడు రేడియోలో పంచాంగ శ్రవణము వినునప్పుడు శ్రోతలు గడియారమును ఒకమారు చూడగోరెదము. నంద్యాలలో సూర్యుడు వచ్చి గంటన్నర కావచ్చుచుండును. అప్పుడే మారిషస్‌లో తెల్లవారుచుండును. దీవి యంతటను పాఠశాలలు, కచేరీలు మూసియుండును. తెలుగు రాని లక్షలమంది ఒక తెలుగు మాట పేరున ఆనాడు విశ్రాంతి గొందురు.